పంచాయతీ పద్దులో సేద్యం ఏదీ?

మార్చి వచ్చింది. యాసంగి వరి ఈనుతున్నది. ఇంకో నెల గడిస్తే కోత మిషన్లు దిగుతాయి. మిషన్ వెళ్లిపోయిన గంటకే మనకు ఒక సమస్య మొదలవుతుంది. పచ్చి వడ్లు ఎక్కడ పోయాలి? ఆత్మకూర్ (ఎస్) మండలంలో ఏ ఊరి రైతును అడిగినా చెప్పే జవాబు రోడ్డు మీద అనే. నెమ్మికల్ మీదుగా సూర్యాపేట నుంచి దంతాలపల్లి పోయే పెద్ద రోడ్డు కావచ్చు, ఊరి లోపలి సీసీ రోడ్డు కావచ్చు, సగం రోడ్డు బండ్లకు, సగం రోడ్డు వడ్లకు. కుప్ప చుట్టూ రాళ్లు పెట్టి రాత్రి పక్కనే పడుకుంటాం. ఆ రాళ్లు తగిలి బైకు మీది మనిషి పడితే వాడు కూడా మన రైతు బిడ్డే. మబ్బు పట్టిందంటే పట్టాలు పట్టుకొని ఇంటిల్లిపాదీ ఉరుకుతాం. మద్దతు ధర రావాలంటే వడ్లలో తేమ 17 శాతం దాటొద్దంటారు. అంత తేమకు ఎండబెట్టే జాగా మాత్రం ఎవరూ చూపరు.

ఇదే మార్చి 31న మన ఊరి పంచాయతీ కూడా ఏడాది లెక్క మూస్తుంది. ఎంత వచ్చింది, ఎంత పోయింది, వచ్చే ఏడాది ఏం చేయాలి అని రాసుకుంటుంది. ఈ రెండు సంగతులకు సంబంధం ఉందని మనలో చాలామందిమి అనుకోము. కల్లం వేరు, పంచాయతీ ఆఫీసు వేరు అనుకుంటాం. అట్లా అనుకోవడం వల్లనే ఇన్నేళ్లుగా పంచాయతీ పద్దులో సేద్యానికి ఒక్క గీత కూడా లేకుండా పోయిందని మా సంఘం అభిప్రాయం. కొత్త సర్పంచులకు ఇది మొదటి బడ్జెట్. అడగాల్సింది ఇప్పుడే.

రాజ్యాంగంలో మొదటి మాట వ్యవసాయం

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాంతోపాటు రాజ్యాంగంలో 11వ షెడ్యూల్ చేరింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల జాబితా అది. అందులో మొదటి అంశం వ్యవసాయం, వ్యవసాయ విస్తరణ. రెండోది భూమి అభివృద్ధి, భూసంస్కరణల అమలు, నేల సంరక్షణ. మూడోది చిన్న నీటి వనరులు, నీటి యాజమాన్యం. నాలుగోది పశువులు, పాడి, కోళ్లు. తాగునీరు 11వ అంశం, రోడ్లు 13వ అంశం, ఆరోగ్యం, పారిశుధ్యం 23వ అంశం. జాబితా రాసినవాళ్లకు ఊరు అంటే ముందు సేద్యం అని తెలుసు.

ఇప్పుడు మన రాష్ట్రంలో అమలవుతున్న 2018 పంచాయతీరాజ్ చట్టం చూద్దాం. పంచాయతీకి నాలుగు స్టాండింగ్ కమిటీలు ఉండాలన్నది. ఒకటి పారిశుధ్యానికి, ఒకటి వీధి దీపాలకు, ఒకటి మొక్కల పెంపకానికి, ఒకటి పనులు, సంతల నిర్వహణకు. సాగుకు కమిటీ లేదు. ముగ్గురిని కోఆప్షన్ సభ్యులుగా తీసుకోవచ్చన్నది. పెద్ద వయసువారో రిటైర్డ్ ఉద్యోగో ఒకరు, మహిళా సంఘం నుంచి ఒకరు, ఊరికి విరాళం ఇచ్చిన దాత ఒకరు. రైతుగా ఒకరు లేరు. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలన్నది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే సర్పంచ్ పదవికే ఎసరు అన్నది. చెట్లు పెంచడం మంచిదే, మేం కాదనడం లేదు. రోడ్డు పక్కన మొక్కకు పదో వంతు రాసిన చేయి, ఆ రోడ్డు మీద ఎండుతున్న వడ్లకు నూరో వంతయినా ఎందుకు రాయలేదు అనేదే మా ప్రశ్న.

మేం కొత్త కోరిక కోరడం లేదు. 1959 అక్టోబర్ 11న షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించిన తర్వాత మన ప్రాంతంలో పంచాయతీ సమితులు నడిచాయి. విత్తనం, ఎరువు, కొత్త పనిముట్టు, మేలుజాతి ఎద్దు, ఏది కావాలన్నా రైతు సమితి మొగం చూసేవాడు. గ్రామసేవక్ సైకిల్ మీద పొలం గట్టు దాకా వచ్చేవాడని మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 1986లో సమితులు పోయి మండలాలు వచ్చాయి. తర్వాత తర్వాత సేద్యం శాఖల చేతికి పోయింది. పంచాయతీకి చీపురు, బల్బు మిగిలాయి.

అంతకుముందు సంగతి కూడా ఈ సూర్యాపేట తాలూకాకు చెప్పాల్సిన పని లేదు. సాయుధ పోరాట కాలంలో ఊరి కమిటీలు నడిపిన గ్రామ రాజ్యాల్లో మొదటి పని భూమి సంగతి, కూలి రేటు సంగతి, గింజ సంగతి. ఊరి పాలన ఎక్కడ మొదలవ్వాలో మన తాతలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

దిక్కులేని రెండేళ్లు

గత పాలకవర్గాలు 2019 జనవరి ఎన్నికల్లో గెలిచి, 2024 ఫిబ్రవరి 1న దిగిపోయాయి. ఆ మరునాటి నుంచి ప్రత్యేకాధికారుల పాలన. ఒక్కో అధికారికి నాలుగైదు ఊళ్లు, దాంతోపాటు తన శాఖ పని. ఊళ్లో నల్లా రాకపోతే ఎవరిని అడగాలో తెలియని రోజులవి. ఎన్నికైన పాలకవర్గం లేని ఊరికి కేంద్ర ఆర్థిక సంఘం డబ్బు రాదన్నది నిబంధన. అందుకని ఆ నిధులు ఆగిపోయాయి. చివరికి 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా ఎన్నికలు జరిగాయి. 22న కొత్త సర్పంచులు కుర్చీ ఎక్కారు.

ఈ ఆలస్యానికి కారణాలు ఎవరివి వాళ్లు చెబుతారు. రిజర్వేషన్ల లెక్క అంటారు, కోర్టు అంటారు. రాష్ట్రంలోని 12,700కు పైగా పంచాయతీల్లో మోరీ తీసే కార్మికుడికీ, మోటారు నడిపే మనిషికీ మాత్రం ఆ కారణాలు కడుపు నింపలేదు. ముందున్న ప్రభుత్వ కాలంలో సర్పంచులు అప్పు తెచ్చి శ్మశానవాటికలు, పల్లె ప్రకృతి వనాలు, డంపింగ్ యార్డులు కట్టారు. బిల్లులు రాక పదవి దిగాక కూడా ధర్నాలు చేశారు. ఈ ప్రభుత్వం వచ్చాక కూడా వాళ్లు రోడ్డెక్కాల్సే వచ్చింది. జెండా మారింది, ట్రెజరీ దగ్గర చెక్కు ఆగడం మాత్రం మారలేదు.

ఇంకో సంగతి గుర్తు పెట్టుకోవాలి. 15వ ఆర్థిక సంఘం ఐదేళ్ల గడువు ఈ మార్చి 31తోనే ముగుస్తున్నది. ఏప్రిల్ 1 నుంచి 2031 దాకా 16వ ఆర్థిక సంఘం కాలం. అంటే కొత్త సర్పంచులు కొత్త ఖాతా పుస్తకంతో మొదలుపెడుతున్నారు. మొదటి పేజీలో ఏం రాస్తారో మిగతా ఐదేళ్లు అదే నడుస్తుంది.

వంద రూపాయల లెక్క

పంచాయతీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఒకటి, ఊరి సొంత ఆదాయం: ఇంటి పన్ను, నల్లా పన్ను, లైసెన్సు ఫీజులు, సంత వేలం లాంటివి. రెండు, రాష్ట్రం ఇచ్చేది. మూడు, కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. నాలుగు, పంచాయతీ ఖాతాలో నేరుగా పడకపోయినా ఊళ్లో ఖర్చయ్యే ఉపాధి పథకం డబ్బు.

15వ ఆర్థిక సంఘం గ్రాంటునే తీసుకుందాం. వంద రూపాయలు వస్తే అందులో 60 రూపాయలకు ముందే ముడి పడి ఉంటుంది. 30 పారిశుధ్యానికి, 30 తాగునీరు, వాన నీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి. మిగిలిన 40 రూపాయలు ఊరి అవసరం బట్టి ఖర్చు పెట్టొచ్చు. జీతాలకు మాత్రం వాడొద్దు. ఈ 40 రూపాయలే పంచాయతీకి ఉన్న స్వేచ్ఛ. కొత్త ఆర్థిక సంఘం కాలంలో కూడా ఊరి చేతికి వచ్చే ముడి లేని భాగం ఎంతో ముందుగా కనుక్కోవాలి. మన బేరం దాని మీదనే.

ఖర్చు సంగతికి వస్తే, కార్మికుల జీతాలు, వీధి దీపాల కరెంటు బిల్లు, నీళ్ల మోటార్ల బిల్లు, బ్లీచింగ్ పౌడరు ఎటూ తప్పవు. పల్లె ప్రగతిలో ప్రతి ఊరికీ ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ కొనిపించారు. దాని బ్యాంకు కిస్తీ పంచాయతీయే కట్టాలి, డీజిల్ పంచాయతీయే పోయాలి. సర్పంచ్ కుర్చీలో కూర్చునే సరికి ఇవన్నీ క్యూ కట్టి నిలబడి ఉంటాయి.

ఇందుకే సర్పంచులు మనతో అంటారు, "రైతులకు చేయాలని ఉంది గానీ పైసలేవి?" అని. ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం, అడిగినవాళ్లు లేరు కాబట్టి ఆ పద్దు పుట్టలేదన్నది.

మూడు పనులకు దారి ఉంది

మేం ఊహల్లో ఉన్న పనులు చెప్పడం లేదు. ఇప్పుడున్న నిబంధనల్లోనే చోటున్న పనులు మూడు చెబుతాం.

మొదటిది ఉమ్మడి కల్లం. ముందున్న ప్రభుత్వం ఉపాధి హామీ డబ్బుతో రైతుల భూముల్లో సిమెంటు కల్లాలు కట్టించింది. అవి అనుమతి లేని పనులని, రూ.151 కోట్లు వెనక్కి కట్టాలని 2022లో కేంద్రం అన్నది. సముద్రం ఉన్నచోట చేపలు ఎండబెట్టే కల్లాలకు ఒప్పుకుంటారు, మా వడ్ల కల్లాలకు ఒప్పుకోరా అని రాష్ట్రం అడిగింది. ఆ తగాదాలో కల్లాలు ఆగిపోయాయి, వడ్లు రోడ్డు మీదనే ఉండిపోయాయి. గత డిసెంబర్‌లో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం చేసింది. అందులో జీవనోపాధికి సంబంధించిన వసతులు అనే విభాగం ఉంది. వరి పండించే ఊరికి ఉమ్మడి కల్లం కంటే పెద్ద జీవనోపాధి వసతి ఏముంటుంది? కొనుగోలు కేంద్రం పెట్టే జాగాలోనే ఊరుమ్మడిగా ఒక కల్లం, నాలుగు లైట్లు, తాగడానికి నీళ్లు ఉండాలి. గ్రామసభ తీర్మానం చేసి పైకి పంపాలి. పైవాళ్లు కాదంటే ఏ నిబంధన ప్రకారం కాదంటున్నారో రాసి ఇమ్మనాలి. ఈలోగా జాగా చదును చేసి మొరం పోయించడానికి ముడి లేని నిధుల్లోంచి మొదటి విడత పెట్టమని సర్పంచ్‌ను అడగాలి.

రెండోది పొలం బాటలు. వానాకాలంలో మన చేలకు ట్రాక్టర్ పోదు, కోత మిషన్ పోదు. బురదలో మిషన్ దిగబడితే గంటకు గంట కిరాయి పెరుగుతుంది. ఏ బాట ఎంతమంది రైతులకు దారో, ఎక్కడ కల్వర్టు కావాలో, ఎక్కడ ఆక్రమణ ఉందో మనకు తెలిసినంత ఏ ఇంజినీరుకూ తెలియదు. ఊరి పటం ముందు పెట్టుకొని, ఎక్కువమందికి పనికొచ్చే బాట ముందు, తక్కువమందిది తర్వాత అని మనమే వరుస రాసివ్వాలి. అట్లా రాసివ్వకపోతే పలుకుబడి ఉన్నవాడి చేను దాకా బాట పడుతుంది, అక్కడితో ఆగిపోతుంది.

మూడోది నీళ్లు. శ్రీరాంసాగర్ రెండో దశ కాలువ నీళ్లు వస్తే మనకు పంట, రాకపోతే ఎండ. కాలువకు నీళ్లు వదలడం పంచాయతీ చేతిలో లేదు, దానికి మన పోరాటం వేరే ఉంది. వచ్చిన నీళ్లు చెరువు దాకా చేరడం మాత్రం ఊరి చేతిలో కొంత ఉంది. కాలువ నుంచి చెరువుకు పోయే పిల్లకాలువలో తుమ్మ మొలిచి, పూడిక నిండితే నీళ్లు వచ్చి కూడా లాభం లేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. ఆ తర్వాత ఏటేటా చూసుకునే పని ఎవరిదో ఎవరూ తేల్చలేదు. వాన నీటి సంరక్షణకు ఆర్థిక సంఘం నిధుల్లోనే చోటుందని పైన చెప్పుకున్నాం. ఊట కుంటలు, ఇంకుడు పనులు ఆ పద్దులో రాయించొచ్చు. పిల్లకాలువల పూడిక ఉపాధి పనుల్లో రాయించాలి. ఇదంతా మే నెలాఖరు లోపల కావాలి. తొలకరి పడ్డాక తీర్మానం చేస్తే ఆ కాగితం తడవడానికే పనికొస్తుంది.

ఉపాధి కొత్త చట్టం గురించి ఒక మాట. పని దినాలు 125 చేశామన్నారు. ఇంతకాలం కూలి డబ్బు మొత్తం కేంద్రం భరించేది. ఇప్పుడు ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టాలి. వ్యవసాయ పనుల రోజుల్లో ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపొచ్చన్నారు. కూలీలు దొరుకుతారని కొందరు రైతులు సంతోషపడుతున్నారు. ఆ సంతోషం మనకొద్దు. ఎకరం, రెండెకరాలు ఉన్న మన సభ్యుల ఇళ్లల్లో జాబ్ కార్డు లేని ఇల్లు ఎన్ని? మన భార్యలు, బిడ్డలే ఆ పనికి పోతున్నారు. రాష్ట్రం తన వాటా పెట్టకపోతే కూలి ఆగుతుంది, దాంతోపాటు మన పొలం బాట కూడా ఆగుతుంది. రైతు, కూలీ కలిసే అడగాలి.

మన తప్పు కూడా ఉంది

సర్పంచ్‌నో, అధికారినో అనేముందు మనల్ని మనం ఒక మాట అనుకోవాలి. మన మండలంలోనే ఒక ఊళ్లో గ్రామసభకు పోయి చూశాం. ఊరి పేరు రాయం, ఎందుకంటే చాలా ఊళ్లది అదే కథ. చెట్టు కింద కుర్చీలు వేశారు. వచ్చినవాళ్లలో అధికారులు, వార్డు సభ్యులు పోగా మిగిలింది పదిహేను మంది. వాళ్లలో ఎక్కువమంది పింఛన్ అడగడానికో, ఇల్లు అడగడానికో వచ్చినవాళ్లు. కార్యదర్శి పద్దు చదవడం మొదలుపెట్టగానే సగం మంది లేచిపోయారు. రిజిస్టర్ మాత్రం తర్వాత ఇంటింటికీ తిరిగింది, సంతకాలు నిండాయి. ఆ సంతకాలు పెట్టింది మనమే. లెక్క వినకుండా, విన్నామని ఒప్పుకున్నది మనమే.

ఇంటి పన్ను సంగతి చూడండి. పంట పోయిన ఏడు కట్టలేకపోతే అర్థముంది. పంట వచ్చిన ఏడు కూడా కట్టకుండా, నల్లా రాలేదని కార్యదర్శి మీద కేకలేస్తే మన మాటకు బరువుండదు. వరంగల్ జిల్లా గీసుగొండ మండలం గంగదేవిపల్లి పేరు అందరం విన్నాం. ఆ ఊరు పైకి రావడానికి మంత్రమేమీ లేదు. పని పనికీ ఊరివాళ్లే కమిటీ వేసుకున్నారు, పన్ను పూర్తిగా కట్టారు, లెక్క అందరి ముందు పెట్టారు.

ఎన్నికల సంగతి చెప్పాలంటే ఇంకా సిగ్గు. 5,000 జనాభా దాటిన ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి రెండున్నర లక్షలు, అంతకంటే చిన్న ఊళ్లో లక్షన్నర మించి ఖర్చు పెట్టొద్దని ఎన్నికల సంఘం గీత గీసింది. ఆ గీతను ఎవరు పాటించారో మన ఊళ్లలో చిన్నపిల్లలను అడిగినా చెబుతారు. ఓటుకు నోటు తీసుకున్నవాడు కల్లం ఎందుకు కట్టలేదని అడిగితే, నీ బాకీ తీరిపోయింది కదా అంటాడు సర్పంచ్. ఆ మాట అనిపించుకోకుండా ఉండాలంటే వచ్చే ఎన్నిక దాకా ఆగొద్దు, రేపటి గ్రామసభకే కదలాలి.

దూరం పోతే కేరళ ఉంది. 1996లో ప్రజా ప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థల చేతికి ఇచ్చారు. అందులో ఉత్పత్తి రంగానికి, అంటే సేద్యానికి, పాడికి, చిన్న పరిశ్రమకు వాటా ఉండాలన్నారు. అక్కడి పంచాయతీ వరి పొలం గురించి, పాల గురించి మాట్లాడుతుంది. మన దగ్గర 5,000 ఎకరాలకు ఒకటి చొప్పున 2,601 రైతు వేదికలు కట్టారు. కట్టడం బాగుంది. ఆ వేదికలో రైతు మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ. పంచాయతీ పద్దుతో దానికి ముడి వేస్తేనే అది వేదిక అవుతుంది.

గ్రామసభలో మనం ఏం చేయాలి

చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. గత ఏడాది జమా ఖర్చులు, ఆడిట్ నివేదిక, ఈ ఏడు చేయబోయే పనులు అక్కడ చదివి వినిపించాలి. అది వాళ్ల దయ కాదు, మన హక్కు. ప్రతి ఊళ్లో మన సంఘం సభ్యులు కనీసం పదిమంది ముందుగా కూర్చొని ఈ పనులు చేయాలి.

సభకు వారం ముందే పంచాయతీ నుంచి జమా ఖర్చుల పట్టిక అడగాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. గ్రామ స్థాయి ఆఫీసులో దానికి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే వెబ్‌సైట్‌లో ఊరి ప్రణాళిక, ఆర్థిక సంఘం నిధుల ఖర్చు ఎవరైనా చూడొచ్చు. ఫోన్ బాగా వాడే మన పిల్లలతో తెరిపించండి. సెల్లు చూసి చూసి చెడిపోతున్నారని తిట్టే బదులు ఈ పని చెప్పండి.

సభలో మూడు ప్రశ్నలు అడగాలి. ఈ ఏడు మొత్తం ఎంత వచ్చింది, అందులో ముడి లేని డబ్బు ఎంత? బిల్లులు ఆగిన పనులు ఏవి, ఎవరి దగ్గర ఆగాయి? వచ్చే ఏడాది పద్దులో సేద్యానికి ఎంత? మూడో ప్రశ్నకు సున్నా అని జవాబు వస్తే, ఆ సున్నాను రిజిస్టర్‌లో రాయమనాలి. తర్వాత మన తీర్మానం చదవాలి: ఉమ్మడి కల్లం, వరుసక్రమంలో పొలం బాటలు, పిల్లకాలువల పూడిక. దానికి ఒక రైతు కమిటీ, అందులో కౌలు రైతు ఒకరు, మహిళా రైతు ఒకరు తప్పనిసరి. తీర్మానం నంబరు, నకలు చేతికి తీసుకున్నాకే సభ నుంచి లేవాలి. చదవని కాగితం మీద ఇకనుంచి సంతకం పెట్టొద్దు.

కొత్త సర్పంచులతో కూడా ఒక మాట. మీలో చాలామంది మా సభ్యులే, మా బంధువులే, మీ వడ్లు కూడా అదే రోడ్డు మీద ఎండుతాయి. పైనుంచి నిధులు రాకపోతే మీ వెంట ట్రెజరీ దాకా, కలెక్టరేట్ దాకా వస్తాం. ఆ మాట ఇస్తున్నాం. మీరు చేయాల్సింది మొదట ఒకటే. ఏప్రిల్‌లో తెరిచే కొత్త పుస్తకంలో సేద్యం అని ఒక పద్దు రాయండి. దాని కింద వెయ్యి రూపాయలే ఉన్నా ఫరవాలేదు. పద్దంటూ ఉంటే పెంచమని ఏటేటా అడగడానికి మేం వస్తాం.